సొంత బంతి

అతను కుడికాలి బొటనవేలికి టేపు చుడుతున్నాడు. ఆ గోరు నల్లబడి చాలా ఏళ్ళయింది. ఏడాదికోసారి ఊడిపోతుంది, మళ్ళీ వచ్చేది నల్లగానే వస్తుంది. ముందు చిన్న దూది ముక్క, దాని మీద రెండు చుట్లు, వేలి మొదట్లో ఒక చుట్టు, ఆఖరున పాదం కిందినుంచి తెచ్చి అంటించడం. పళ్ళతో టేపు తెంపి, అంచుని గోటితో అదిమాడు. మంచం పక్కన బూట్లున్నాయి. కుడి బూటు ముందు భాగంలో, బొటనవేలు తగిలే చోట, అతనే బ్లేడుతో కోసిన చిల్లుంది. పరుగెత్తుకొచ్చి ఎడమచేత్తో బంతి వదిలేటప్పుడు ఒంటి బరువంతా కుడికాలి మీద పడుతుంది. ఆ చిల్లు లేకపోతే వేలు బూటు గోడకి కొట్టుకుని చితికిపోతుంది.

వంటగదిలో అతని భార్య కూతురికి జడ వేస్తోంది. ఎనిమిదేళ్ళ పిల్ల. లెక్కల టీచరమ్మ తుమ్మే ముందు కళ్ళజోడు ఎలా తీస్తుందో చేసి చూపిస్తోంది.

"కదలకే. అచ్చు తండ్రి పోలిక. ఇంట్లో ఒక జిరాక్స్ చాలదని నువ్వొకర్తివి."

పిల్ల నవ్వింది. అతనూ నవ్వాడు. మైదానంలో అతన్ని అందరూ జిరాక్స్ అనే పిలుస్తారు. చిన్నవాళ్ళు జిరాక్స్ అన్నా అంటారు. ఆ పేరు ఇంటిదాకా ఎప్పుడు నడిచొచ్చిందో అతనికి గుర్తులేదు.

దేశం జట్టుకి కింద ఇంకో జట్టు ఉంటుంది. దాన్ని 'ఎ' జట్టు అంటారు. పైజట్టులో ఎవరి కాలో చెయ్యో దెబ్బతింటే ఇక్కడినుంచి పిలుపు వెళుతుంది. పిలుపు వచ్చినవాడు సగం తాగిన టీ గ్లాసు అక్కడే పెట్టి వెళ్ళిపోతాడు. రానివాడు మర్నాడు మళ్ళీ ప్రాక్టీసుకి వస్తాడు. ఆ జట్టు బ్యాట్స్‌మెన్‌కి నెట్స్‌లో బంతులు వేయడం అతని పని. పధ్నాలుగేళ్ళ కిందట ఒక వారం కోసమని పిలిచారు. మూడోరోజున ఒక బ్యాట్స్‌మన్, ఎదటి దేశపు ఎడమచేతి బౌలర్ పేరు చెప్పి, అలా వెయ్యగలవా అని అడిగాడు. వేశాడు. ఆ పరుగు, ఆ గెంతు, మణికట్టు తిప్పడం, అన్నీ దించేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ప్యాడ్లు కట్టుకోవడం ఆపి చూశారు. ఆ వారం అలాగే పధ్నాలుగేళ్ళు సాగింది. ఇప్పుడతని ఒంట్లో ముప్పై ఒక్కమంది బౌలర్లున్నారు. వాళ్ళలో ఒకాయన నెమ్మది బంతి వేసే ముందు ముక్కు గోక్కుంటాడు. ఆ ముక్కాయన బౌలింగ్ అడిగినప్పుడు ఇతనూ గోక్కుంటాడు.

అతని బంతులాడి పైకెళ్ళినవాళ్ళు తొమ్మిదిమంది. వాళ్ళలో ఒకడు ఒకసారి టీవీలో, "ఆ బౌలర్ నాకు కొత్తగా అనిపించలేదండీ, రోజూ చూసిన చెయ్యిలాగే ఉంది" అన్నాడు. కింద కూర్చుని చూస్తున్న అతను భార్య వైపు తిరిగి, "అది నా చెయ్యే" అన్నాడు.

"పేరు చెప్పాడా?"

"టీవీలో అవన్నీ చెప్పరు."

ఆవిడ బట్టలు మడతపెట్టడంలో పడిపోయింది.

ఇవాళ మాత్రం నెట్స్ కాదు. పదిరోజుల కిందట 'ఎ' జట్టులో ఎడమచేతి ఫాస్ట్ బౌలర్‌కి తొడ కండరం చిట్లింది. ఇంకో రెండువారాల్లో జట్టు విదేశానికి వెళుతోంది. ఒక చోటు ఖాళీ. ఉన్నవాళ్ళనే రెండు పక్షాలుగా చీల్చి ఇవాళ ఒక మ్యాచ్ ఆడిస్తున్నారు, సెలెక్టర్లు వచ్చి చూస్తారు. ఆ చోటుకి ఇద్దరు. ఒకడు పందొమ్మిదేళ్ళవాడు, తాడిలాంటి పొడుగు, అందరూ నిచ్చెన అంటారు. రెండోవాడు ఇతను. ముప్పైమూడేళ్ళు.

వారం కిందట కోచ్ అతన్ని పక్కకి పిలిచి చెప్పాడు. "ఇన్నేళ్ళు చాకిరీ చేశావు. నాకూ మనసుంటుంది. ఒక్కసారి నీకోసం నోరు తెరుస్తాను. కానీ చూడు, నీ సొంత బౌలింగ్ వెయ్యి. వాళ్ళకి ఎవడి జిరాక్సూ అక్కర్లేదు. ఒక్క వికెట్ చూపించు చాలు, మిగతాది నేను మాట్లాడతాను."

ఆ రోజునుంచి అతను డాబా మీద ఒంటరిగా పరుగెత్తి చూస్తున్నాడు. ఇరవైరెండడుగుల పరుగు ఎవరిదో తెలుసు. పధ్నాలుగడుగుల పరుగూ ఎవరిదో తెలుసు. చెయ్యి చెవికి ఆనించి తెస్తే ఒకాయన, దూరంగా తెస్తే ఇంకొకాయన వస్తున్నారు. తనది మాత్రం రావడం లేదు. ఒక్కటే గుర్తుంది. చదువుకున్న బడి మైదానంలో వెనక మురుగుకాలువ ఉండేది. వికెట్ దగ్గర్నుంచి ఆ కాలువ అంచుకి పదిహేడడుగులు. అంతకంటే వెనక్కి పోతే కాలువలో పడతారు కాబట్టి అతని రనప్ పదిహేడు. అప్పుడు చెయ్యి ఎక్కణ్ణుంచి వచ్చేదో ఎవరు చెబుతారు? చూసినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు.

అతను బూట్లు సంచిలో పెట్టుకుని లేచాడు. భార్య గుమ్మం దాకా వచ్చింది. ఆవిడ ఆసుపత్రిలో రోగుల దగ్గర రక్తం తీసే పని చేస్తుంది. ఎవరి చెయ్యి చూసినా ముందు నరం కోసం చూస్తుంది. అతని ఎడమచెయ్యి పట్టుకుని మోచేతి దగ్గర వాపుని బొటనవేలితో నొక్కింది.

"ఇవాళ అయితే అయింది. కాకపోతే ఇంక నన్నడక్కండి. మా అన్నయ్యకి మాటిచ్చేశాను."

వాళ్ళన్నయ్యకి అద్దాల దుకాణం ఉంది. కిటికీలకీ అల్మారాలకీ కొలత ప్రకారం అద్దాలు కోసి ఇస్తారు. మోయడానికి నమ్మకమైన మనిషి కావాలని ఏడాదిగా అడుగుతున్నాడు.

"ఒక్క వికెట్ చాలన్నాడు కోచ్."

"ఒక్కటేగా. ఇన్నేళ్ళలో ఎన్ని తీశారు మీరు?"

ఎంతమంది బ్యాట్ల పక్కనుంచి, ప్యాడ్ల మధ్యనుంచి అతని బంతి దూరి వెళ్ళిందో లెక్కలేదు. కానీ నెట్స్‌లో వికెట్ అనేది ఉండదు. స్టంపులు పడితే బ్యాట్స్‌మనే నిలబెట్టుకుని, ఇంకోటి వెయ్యమంటాడు. ఆ మాట ఆవిడకి చెప్పడం ఎలాగో తెలియక చెప్పులేసుకున్నాడు.

డ్రెసింగ్ రూములో అతనికి పెట్టె లేదు. అది జట్టువాళ్ళకే. గోడవార బల్ల చివర అతని చోటు. రోజూ సాయంత్రం బూట్లు ఆ బల్ల కింద గోడవైపు మొహం పెట్టి ఉంచుతాడు. మ్యాచ్ అని నిన్న మాత్రం ఇంటికి తీసుకెళ్ళి తోమి ఆరబెట్టాడు.

"అన్నా, బూట్లు మెరుస్తున్నాయి. పెళ్ళిచూపులా?" అన్నాడు బ్యాట్‌కి పట్టీ చుట్టుకుంటున్న ఓపెనర్. ఇరవైరెండేళ్ళవాడు. వచ్చే ఏడాదికి దేశం జట్టులో ఉంటాడని పేపర్లవాళ్ళు రాస్తున్నారు. అందరూ అతన్ని యువరాజా అంటారు, అతనూ పలుకుతాడు. "నాకు ఇవాళ ఎవరిది వేస్తున్నావు? ముందే చెప్పెయ్, అన్నా."

"నాదే."

"నీదా? నీది కూడా ఒకటుందా?"

అందరూ నవ్వారు. నిచ్చెన నవ్వలేదు. వాడు మూలన కూర్చుని చేతిలో బంతిని తిప్పుకుంటూ, అతను వేలికి మళ్ళీ ఒక చుట్టు టేపు చుట్టుకోవడం చూస్తున్నాడు.

మొదటి అయిదు ఓవర్లలో అతని ఒళ్ళు అతని మాట వినలేదు. పదిహేడడుగులు కొలిచి గుర్తు పెట్టుకున్నాడు. పరుగు మొదలుపెట్టినప్పుడు తనే పరుగెత్తుతున్నట్టుండేది, క్రీజు దగ్గరికొచ్చేసరికి ఇంకెవరో వచ్చి చెయ్యి లాక్కునేవారు. యువరాజు రెండు అడుగులు ముందుకేసి బంతిని కవర్స్‌లోంచి తోలి, "ఇది ముక్కాయనది కదన్నా? గోక్కోవడం మర్చిపోయావు" అన్నాడు. తర్వాతి ఓవర్లో రెండు ఫోర్లు పోయాయి. సెలెక్టర్లు ముగ్గురూ నీడలో కుర్చీలేసుకుని కూర్చున్నారు. వాళ్ళలో ఒకాయన కోచ్ చెవిలో ఏదో అన్నాడు. కోచ్ బౌండరీ దగ్గరికొచ్చి, "ఎవరిదిరా అది? నీది వెయ్యమన్నానా లేదా?" అని అరిచాడు.

రెండో వైపునుంచి నిచ్చెన వేస్తున్నాడు. వాడి బంతుల్లో సగం ఎటో పోతున్నాయి. కానీ ప్యాడ్‌కి తగిలినా, బ్యాట్ పక్కనుంచి గాలి తగిలినా, వాడు మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులూ చాచి, గొంతు చించుకుని అడిగేవాడు. ఫీల్డింగ్ జట్టులో ఎవరో ఒకరు అడిగితే తప్ప అంపైర్ వేలెత్తకూడదు, అది ఆట చట్టం. నిచ్చెన పదకొండుసార్లు అడిగాడు. మూడుసార్లు వేలు లేచింది. ఎదటివైపు వికెట్లు పడుతున్నాయి, యువరాజు మాత్రం నిలబడి ఉన్నాడు.

టీ విరామం తర్వాత అతనికి మళ్ళీ బంతిచ్చారు. అప్పటికి అతనికి ఆలోచించే ఓపిక లేదు. వేలు బూటులోంచి బయటికి పొడుచుకొచ్చి, టేపు మీద రక్తం కనబడుతోంది. మూడో ఓవర్ నాలుగో బంతికి, వెనక్కి నడిచి గుర్తు దగ్గర తిరిగేసరికి ఎక్కణ్ణుంచో మురుగుకాలువ వాసన వచ్చింది. మైదానం పక్కన కాలువేదో ఉండి ఉండాలి. అతను పరుగు మొదలుపెట్టాడు. పదిహేడో అడుగులో ఎడమచెయ్యి నడుము వెనకనుంచి, ఆలస్యంగా, ఎవరో తలుపు నెమ్మదిగా తోసినట్టు పైకొచ్చింది. ముప్పై ఒక్కమందిలో ఎవరిదీ కాదది.

బంతి ఆఫ్ స్టంప్ బయట పడి, ఆఖరి గజంలో లోపలికి తిరిగింది. యువరాజు బ్యాట్ కిందికి వచ్చేలోపలే అతని ముందుకాలి ప్యాడ్‌కి మెత్తగా, లోతుగా తగిలింది. వెనకనున్న మూడు స్టంపులూ ఆ కాలి వెనక దాక్కుని ఉన్నాయి. తను ఔటని యువరాజుకి తెలుసు. కుడిచేతి గ్లోవ్ పట్టీ వదులు చేసుకున్నాడు.

అతను మాత్రం అప్పటికే వెనక్కి తిరిగి నడుస్తున్నాడు.

బంతి ప్యాడ్‌కి తగిలితే వెనక్కి తిరిగి గుర్తు దగ్గరికి నడవడమే పధ్నాలుగేళ్ళుగా అతని కాళ్ళకి తెలిసిన పని. పైగా అతని మనసు నిండా ఆ చెయ్యే ఉంది. ఇదే, ఇలాగే వచ్చేది, నడుము వెనకనుంచి, అని లోపల చెప్పుకుంటున్నాడు. పెదవుల మీద నవ్వు కూడా వచ్చింది. కీపర్ చేతులు సగం లేపాడు. బౌలరే అడగకుండా వెళుతున్నాడంటే బ్యాట్ తగిలే ఉంటుందనుకుని దించేశాడు. స్లిప్‌లో ఉన్నవాళ్ళు కీపర్‌ని చూసి ఊరుకున్నారు. మైదానం అంతా ఒక్క క్షణం ఏదో కోసం ఆగి, అది రాకపోయేసరికి మళ్ళీ కదిలింది. యువరాజు గ్లోవ్ పట్టీ బిగించుకున్నాడు.

ఓవర్ అయ్యాక టోపీ తీసుకోవడానికి వెళ్ళాడు. అంపైర్ పెద్దాయన, రిటైరయ్యే వయసు. టోపీ ఇస్తూ, పెదవులు కదిలీ కదలనట్టుగా అన్నాడు.

"నాలుగో బంతికి అడగలేదేం బాబూ?"

"ఏమిటి సార్?"

"మిడిల్ స్టంప్. అడిగి ఉంటే వేలెత్తేవాణ్ణి."

అతను టోపీ పట్టుకుని నిలబడిపోయాడు. బంతి ఎక్కడ పడిందో, ఎక్కడ తిరిగిందో, ప్యాడ్ మీద ఎక్కడ తగిలిందో, అంతా మళ్ళీ కళ్ళముందు జరిగింది. ఇప్పుడు అడిగితే? అడగకూడదు. తర్వాతి బంతి వెయ్యడం మొదలైతే ముందు బంతి చచ్చిపోయినట్టే. దాని తర్వాత రెండు వేశాడు.

ఆ తర్వాతి ఓవర్లో ఆ చెయ్యి మళ్ళీ రాలేదు. లెగ్ సైడు బయటికి పోతున్న బంతి ఒకటి యువరాజు ప్యాడ్‌ని రాసుకుంటూ పోయింది. అతను అంపైర్ వైపు తిరిగి అడిగాడు. గొంతు పీలగా, సగంలో విరిగి వచ్చింది. చేతులు ఎంతవరకు ఎత్తాలో తెలియక ఛాతీ దగ్గరే ఆగిపోయాయి. అంపైర్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"జిరాక్స్ అన్నకి గొంతు కూడా ఉందిరోయ్" అన్నాడు యువరాజు. స్లిప్‌లో ఒకడు నవ్వాపుకోలేక మోకాళ్ళ మీద వంగాడు. నీడలో కూర్చున్న సెలెక్టర్ ఒకాయన కూడా నవ్వాడు. అతని ఓవర్లు అక్కడితో అయ్యాయి. పన్నెండు ఓవర్లు, వికెట్లు లేవు. యువరాజు నూటపన్నెండు కొట్టి, ఇంక చాలని తనంత తానే బయటికి వెళ్ళాడు.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే జాబితా చదివారు. పదిహేను పేర్లు. పదమూడోది నిచ్చెనది. ఎవరో వాడి వీపు మీద చరిచారు. కోచ్ అతన్ని నీళ్ళ డ్రమ్ము దగ్గరికి తీసుకెళ్ళాడు.

"నీకోసం మాట్లాడాను. నిజంగా మాట్లాడాను. వికెట్ల దగ్గర సున్నా పెట్టుకుని నేనేం వాదించను చెప్పు?"

"నాలుగో బంతి, సార్. టీ తర్వాత మూడో ఓవర్లో."

"ఏమైంది దానికి?"

"ఏం లేదు సార్."

"బాధపడకు. ఎవరూ నిన్ను పొమ్మనలేదు. సోమవారం పొద్దున్నే వచ్చెయ్. ఎదటి దేశం జట్టులో కొత్తగా ఒక ఎడమచేతివాడు వచ్చాడు, నీ ఫోన్‌కి వీడియో పంపించాను. వాడు క్రీజు దగ్గర కొంచెం కుంటుతాడు, అది జాగ్రత్తగా చూడు. నువ్వు లేకపోతే మావాళ్ళు ఎవరితో ప్రాక్టీస్ చేస్తారు?"

డ్రెసింగ్ రూములో యువరాజు వచ్చి అతని భుజం చుట్టూ చెయ్యేశాడు. స్నానం చేసి వచ్చాడు, సబ్బు వాసన వేస్తున్నాడు.

"అన్నా, ఆ బంతికి నేను ఔటే. గ్లోవ్ కూడా సగం తీసేశాను. నువ్వు తిరిగి వెళ్ళిపోతుంటే ముందు నాకర్థం కాలేదు. దేవుడివి నువ్వు."

అబద్ధం కాదు, ప్రేమగానే అన్నాడు. అతను తలూపాడు.

అందరూ వెళ్ళాక నిచ్చెన ఆగాడు. చేతిలో బంతి ఉంది.

"అన్నా, అదెలా వేశావు? చెయ్యి ఎక్కణ్ణుంచో వచ్చింది. నేను మిడాన్‌లోంచి చూశాను. ఒక్కసారి చూపించవూ."

అతను వాడి మొహంలోకి చూశాడు. వెటకారం ఏమన్నా ఉందేమోనని వెతికాడు, లేదు. ఎవరైనా ఏదైనా అడిగితే కాదనడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు. బల్లలు పక్కకి జరిపారు. చెప్పులు కూడా లేకుండా సిమెంటు గచ్చు మీద నాలుగడుగులు వేసి, నడుము వెనకనుంచి చెయ్యి తెచ్చి చూపించాడు. ఈసారి వెంటనే వచ్చింది. వాడి మోచెయ్యి పట్టుకుని, "ఇక్కడ తొందరపడకు. తలుపు తోసినట్టు రానీ" అన్నాడు. మొదటిసారి వాడికి రాలేదు. రెండోసారి కొంత వచ్చింది. మూడోసారికి అచ్చు దిగింది.

"వచ్చింది కదన్నా?"

"వచ్చింది."

"థాంక్స్ అన్నా" అని వాడు సంచి భుజానేసుకుని, చెయ్యి తిప్పుకుంటూ వెళ్ళాడు.

అతను బూట్ల లేసులు విప్పదీసి, లోపల పేరుకున్న ఇసుక దులిపి, వాటిని బల్ల కింద గోడవైపు మొహం పెట్టి, మడమలు రెండూ సమంగా ఉండేలా సర్దాడు.

ఇంటికి వెళ్ళేసరికి కూతురు వాకిట్లో పక్కింటాయన దగ్గు చేసి చూపిస్తోంది. భార్య ముందు అతని మొహం చూసింది, తర్వాత పల్చగా వేలాడుతున్న సంచి చూసింది.

"బూట్లేవీ?"

"అక్కడే ఉన్నాయి."

ఆవిడ లోపలికి వెళ్ళి వాళ్ళన్నయ్యకి ఫోన్ చేసింది. మాటలు వినబడకుండా తలుపు దగ్గరికి వేసింది. కాసేపటికి గిన్నెలో వేడినీళ్ళు తెచ్చి అతని కాళ్ళ దగ్గర పెట్టి, కింద కూర్చుని, ఆసుపత్రిలో అపరిచితుల చేతులు పట్టుకున్నట్టే జాగ్రత్తగా, ఆ వేలి టేపు తడిపి తడిపి తీసింది. టేపుతో పాటు గోరు కూడా వచ్చేసింది.

సోమవారం అతను రాలేదు. "జిరాక్స్ ఏడీ?" అని కోచ్ రెండుసార్లు అడిగాడు. ఫోన్ కలవలేదు. "సరే, మెషీన్ తియ్యండి" అన్నాడు. బంతులు విసిరే యంత్రం స్టోర్ గదిలో గుడ్డ కప్పుకుని ఉంది. దుమ్ము దులిపి తెచ్చి నిలబెట్టారు. అది తప్పకుండా ఒకే చోట వేస్తుంది. "కానీ పాపం, ముక్కు గోక్కోదు" అన్నాడు యువరాజు. అందరూ నవ్వారు. పక్క నెట్‌లో నిచ్చెన పదిహేడడుగులు కొలుచుకుని పరుగెత్తుకొచ్చాడు. బంతి లోపలికి తిరిగి యువరాజు ప్యాడ్‌కి తగిలింది. నెట్ అని కూడా చూడకుండా వాడు రెండు చేతులూ చాచి అడిగాడు.

"ఒరేయ్, అది జిరాక్స్ అన్నది కదరా" అన్నాడు యువరాజు.

"ఇప్పుడు నాది" అన్నాడు నిచ్చెన.

మరుసటి వారం జట్టు విమానమెక్కింది. డ్రెసింగ్ రూము కడగడానికి వచ్చినామె బల్ల కింద బూట్లు చూసి, ఎవరివో వచ్చి తీసుకుంటారులెమ్మని, తడవకుండా కిటికీ గట్టు మీదికెక్కించింది. ఎడమ బూటు మామూలు బూటే. కుడి బూటు ముందు బ్లేడుతో కోసిన చిల్లు, వేలు ఎన్నో ఏళ్ళు తోసి తోసి, గుండ్రంగా సాగి ఉంది, దాని అంచుకి అంటుకుని టేపు పీలిక ఒకటి, గాలొచ్చినప్పుడల్లా కొంచెం లేచి, మళ్ళీ అంటుకుంటోంది.